రంగులరాట్నం ఎక్కనివారి విహారం

సకుటుంబంగా ఉల్లాసవనానికి వెళ్లిన ఏ బృందంలోనైనా ఒకరు సంచుల దగ్గర కూర్చుండిపోతారు. చెప్పులు, నీళ్ల సీసాలు, కళ్లజోళ్లు, చేతి గడియారాలు అన్నీ వారి ఒడిలోనికి చేరుతాయి. మిగిలినవారు వరుసలో నిలబడి, పైకెక్కి, కేకలు పెట్టి, చెదిరిన జుట్టుతో నవ్వుతూ దిగివస్తారు. “మీరు కూడా రావలసింది, మామయ్యగారూ” అంటుంది కోడలు. ఆయన చిరునవ్వు నవ్వి ఊరుకుంటారు. ప్రవేశ రుసుము మాత్రం అందరితోపాటు ఆయనకూ చెల్లించే ఉంటారు.

ఇటువంటివారి సంఖ్య తక్కువేమీ కాదు. కొందరికి ఎత్తు గిట్టదు. కొందరికి గిరగిర తిరిగితే కడుపులో వికారం. మరికొందరికి శరీరంలో ఏ బాధా లేకపోయినా, డబ్బిచ్చి భయపడటంలోని ఆనందం ఏమిటో బోధపడదు. ఈ మూడవ తరగతివారిని లోకం సులభంగా విడిచిపెట్టదు. వైద్యుడు వద్దన్నాడంటే సానుభూతి చూపేవారే, ఇష్టం లేదంటే మాత్రం బతిమాలుతారు, ఆటపట్టిస్తారు, తుదకు చేయి పట్టుకొని లాగుతారు. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త మార్విన్ జుకర్మన్ 1964లో ఈ అభిరుచిని కొలవడానికి ఒక ప్రశ్నావళిని రూపొందించాడు. ఆ తరువాత జరిగిన పరిశోధనలలో తేలినదేమంటే, తీవ్రమైన అనుభవాలను కోరే గుణం మనిషికీ మనిషికీ వేరుగా ఉంటుంది. అందులో కొంత భాగం పుట్టుకతో సంక్రమిస్తుంది. యౌవనంలో అది ఉచ్చస్థితిలో ఉండి, వయస్సు పెరిగిన కొద్దీ తగ్గుతూ పోతుంది. కారం విషయంలో ఒకరి నాలుక మరొకరికి ప్రమాణం కానట్టే ఇదీను.

వికారం సంగతి వేరు. దానికి మూలం లోపలి చెవిలో ఉన్నది. అక్కడ అర్ధవర్తులాకారంలో మూడు సన్నని నాళాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తల ఎటు తిరిగినా ఆ ద్రవం కదలి, తిరిగిన దిశను మెదడుకు తెలియజేస్తుంది. వాటి ప్రక్కనే ఉండే రెండు చిన్న సంచులలోని సున్నపు రేణువులు, శరీరం ముందుకు దూకినదా, క్రిందికి జారినదా అనేది చెబుతాయి. చెవి చెప్పే సమాచారమూ కన్ను చెప్పే సమాచారమూ ఏకీభవించినంతసేపు చిక్కులేదు. ఓడ గదిలో కూర్చున్నవాడికి గది నిశ్చలంగా కనబడుతుంది, చెవి మాత్రం ఊగుతున్నామంటుంది. మెదడుకు ఈ రెండు సాక్ష్యాలూ పొసగవు. చెమట, ఆవులింతలు, వాంతి ఆ తరువాత వచ్చేవే. జేమ్స్ రీజన్, బ్రాండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1975లో ప్రకటించిన గ్రంథం ఈ సిద్ధాంతాన్ని వివరంగా ప్రతిపాదించినది.

వయస్సు మళ్లినవారికి ఇంకొక ఇబ్బంది కూడా కలదు. పైన చెప్పిన సున్నపు రేణువులు కొందరిలో తమ స్థానం నుండి ఊడి నాళాలలోనికి జారుతాయి. అప్పుడు పడకమీద ప్రక్కకు ఒత్తిగిలినా గది అంతా తిరిగినట్లుంటుంది. ఒకసారి ఈ అనుభవం కలిగినవారు రంగులరాట్నం వైపు చూడటానికి కూడా ఇష్టపడరంటే వారిని ఎగతాళి చేయవలసిన పని లేదు. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, మెడనొప్పి, నడుమునొప్పి ఉన్నవారు, గర్భవతులు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు ఎక్కరాదని ఆ యంత్రాల వద్దనే బోర్డు కట్టి ఉంటుంది. ఆ బోర్డును చదివేవారు కొద్దిమంది. మొగమాటంతో ఎక్కే పెద్దవారు దానిని చదివి కూడా చదవనట్లు నటిస్తారు. మనవడి ఎదుట తీసికట్టు కాకూడదనే పట్టుదల, గుండెకు రక్తం పంపే నాళం ఇరుకైన మనిషి చేత ఎంతపనైనా చేయిస్తుంది. వాంతి రాకుండా మాత్ర వేసుకొని ఎక్కితే సరిపోతుందనే ఆలోచన కూడా మంచిది కాదు. ఆ మాత్రలలో అనేకం మగత కలిగిస్తాయి. కంటిలో నీటి ఒత్తిడి గలవారికి, మూత్రం బిగిసే బాధ గల వృద్ధులకు కొన్ని సరిపడవు.

విచిత్రమేమంటే, ఉల్లాసవనాలు పుట్టినది మనుష్యులను బెదరగొట్టడానికి కాదు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లోని టివోలి 1843లో ప్రారంభమైనది. ప్రజలు వినోదంలో ఉంటే రాజకీయాలను గురించి ఆలోచించరని చెప్పి గియోర్గ్ కార్‌స్టెన్‌సెన్ అనే ఆయన రాజును ఒప్పించాడని ప్రతీతి. పూలబాటలు, సంగీతం, దీపాల తోరణాలు దానికి ప్రధానాకర్షణ. అమెరికాలోని కోనీ ఐలండ్‌లో 1884లో లామార్కస్ థాంప్సన్ నిర్మించిన ఎగుడుదిగుడు రైలు నేటి భయంకర వాహనాలకు పూర్వీకురాలు. దాని వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్లు, అనగా తీరికగా తొక్కే సైకిలు వేగం! అందులో ప్రయాణికులు ముందుకు గాక ప్రక్కకు తిరిగి కూర్చునేవారు, సముద్రతీరపు దృశ్యం కనబడాలని.

వాల్ట్ డిస్నీ సంగతి మరీ ఆసక్తికరం. లాస్ ఏంజెలిస్‌లోని గ్రిఫిత్ పార్కులో తన ఇద్దరు కుమార్తెలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే, ఆయన ఒక బల్లమీద కూర్చొని చూస్తూ ఉండేవాడట. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన అక్కడనే పుట్టినదని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. 1955 జులైలో డిస్నీలాండ్ తలుపులు తెరచినప్పుడు అందులో రోలర్ కోస్టర్ ఒక్కటైనా లేదు. రైలు, పడవ, కోట, పాతకాలపు వీధి ఉన్నాయి. మొదటి రోలర్ కోస్టర్ 1959లో గాని రాలేదు. సంచుల దగ్గర కూర్చున్న మనిషి కట్టించిన వనంలో, సంచుల దగ్గర కూర్చునేవారి సంఖ్య క్రమంగా పెరగడం కాలవైచిత్రి.

ఈ దృష్టితో చూస్తే మన దేశంలో కోల్‌కతా నగరం ఒక పెన్నిధి. పని లేకుండా కూర్చోవడాన్ని, కూర్చొని మాట్లాడుకోవడాన్ని ఒక కళగా ఆరాధించే ఊరు అది. వంగభాషలో దానికి ‘అడ్డా’ అని పేరే ఉన్నది. తెలుగువారికి ఈ నగరం కొత్త కాదు. రైల్వే కార్ఖానా పుణ్యమా అని ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలాదిగా ఉన్నాయి. సెలవు వచ్చినదంటే వారికీ, ఉత్తరాంధ్ర నుండి వచ్చే వారి బంధువులకూ కలకత్తా ప్రయాణమే. పిల్లలు ముందుగా అడిగేది సాల్ట్‌లేక్‌లోని నిక్కో పార్కు.

1991లో ప్రారంభమైన ఈ పార్కు సుమారు 40 ఎకరాలలో ఉన్నది. ఇంగ్లండులోని బ్లాక్‌పూల్ ఉల్లాసవనానికి సంబంధించిన సంస్థ సాంకేతిక సహకారంతో దీనిని నిర్మించారు. కొయ్యతో కట్టిన ‘సైక్లోన్’ అనే రోలర్ కోస్టర్ 2003 నుండి దీనికి పెద్ద పేరు తెచ్చినది. ఆ పేరు వినగానే మన ఈ వ్యాసంలోని పెద్దమనిషి వెనుదిరగడం సహజమే. కాని నిక్కో పార్కును పూర్తిగా తోసిపుచ్చనక్కరలేదు. అందులో చెరువున్నది, దానిలో కాళ్లతో తొక్కే పడవలున్నాయి, చెట్లనీడన తిరిగే చిన్న రైలున్నది, గుహలగుండా మెల్లగా సాగే పడవ ప్రయాణమూ ఉన్నది. పొరపాటు జరిగేది ఎక్కడంటే టిక్కెట్ల దగ్గర. యంత్రాలన్నిటికీ కలిపి అమ్మే టిక్కెట్టును అందరికీ కొనివేసి, తరువాత “డబ్బు దండుగ అవుతుంది, ఎక్కండి” అని పెద్దవారిని బలవంతపెట్టడం తరచుగా జరుగుతుంది. ప్రవేశానికి మాత్రమే వేరుగా టిక్కెట్టు ఇస్తారా, చిన్న రైలుకూ పడవకూ విడిగా చెల్లించవచ్చునా అని ముందే విచారించుకుంటే ఈ పేచీకి అవకాశముండదు. ఎక్కని మనిషికి నిక్కో పార్కులో రెండు గంటలు హాయిగా గడుస్తాయి. రోజంతా గడవదు. కనుక పిల్లలను అక్కడ విడిచి, ఇంకొక పెద్దను తోడుంచి, మిగిలినవారు వేరొక చోటికి పోవడమే ఉత్తమం.

ఆ వేరొకచోటు చాలామందికి సైన్స్ సిటీ అవుతుంది. తూర్పు బైపాస్ రోడ్డు ప్రక్కన 1997లో దీనిని నెలకొల్పారు. విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాల కదా, భయమేమున్నదని ధైర్యంగా వెళ్లేవారికి ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ‘టైమ్ మెషిన్’ అనే గదిలో కుర్చీలు తెరమీది దృశ్యానికి అనుగుణంగా ఊగుతాయి, కుదుపుతాయి. అది రోలర్ కోస్టరుకు పినతల్లి కూతురే. ఆ ఊగులాట లేకున్నా, గోళాకారపు కప్పు మీద చిత్రం ప్రదర్శించే అంతరిక్ష థియేటరు కొందరికి తల తిప్పుతుంది. ఇక్కడ జరిగేది ఓడ గదిలో జరిగినదానికి తలక్రిందులు: కన్ను ఎగిరిపోతున్నానంటుంది, చెవి కదలలేదంటుంది. దీనికి చికిత్స తేలిక. తల తిరిగినట్లనిపించగానే కళ్లు మూసుకొంటే కన్ను చెప్పే తప్పుడు సాక్ష్యం ఆగిపోతుంది, కొద్ది నిమిషాలలో శరీరం కుదుటపడుతుంది. వాహనాలలో కలిగే వికారానికి మాత్రం కళ్లు తెరచి దూరాన కదలని వస్తువు వైపు, దిక్చక్రం వైపు చూడటం మేలు. ఈ రెండిటినీ తారుమారు చేసుకొని బాధపడేవారే ఎక్కువ.

ఈ రెండిటినీ తప్పించుకొంటే సైన్స్ సిటీ పెద్దవారికి మంచి కాలక్షేపం. చలనసూత్రాలను చేతితో త్రిప్పి, నెట్టి తెలుసుకొనే ఉపకరణాలు ఒక భవనం నిండా ఉన్నాయి. భూమి పుట్టుకను, దాని పొరలను వివరించే మందిరమూ, నౌకాయాన చరిత్ర చూపే విభాగమూ వేరుగా ఉన్నాయి. మనవడికి న్యూటను సూత్రం వివరించే అవకాశం తాతగారికి ఎక్కడబడితే అక్కడ దొరకదు. నేలమీద నిలబడి చలనాన్ని అర్థం చేసుకోవడం ఆయనకు వచ్చిన విద్య. మనవడికి వచ్చినది దానిని ఒంటితో అనుభవించడం. ఇద్దరికీ ఒకేచోట పని దొరకడం ఇటువంటి స్థలాల గొప్పతనం. నగరం నడిబొడ్డున చౌరంగీ దగ్గర, సాంచి స్తూపం ఆకారంలో కట్టిన బిర్లా ప్లానెటేరియం ఇంతకంటే పాతది. 1963లో జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించారు. అక్కడ కదిలేది ఆకాశం మాత్రమే, అదీ నిదానంగా.

న్యూటౌన్‌లోని ఎకో పార్కు కొత్తతరానిది. 2012 డిసెంబరులో ప్రారంభించిన దీనికి ‘ప్రకృతి తీర్థ’ అని మరొక పేరు. విస్తీర్ణం 480 ఎకరాలు. అందులో 104 ఎకరాలు నీరే. జపాను పద్ధతి తోట, తేయాకు తోట, ముసుగుబొమ్మల తోట, సీతాకోకచిలుకల తోట ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఒక మూల ప్రపంచపు వింతలకు నకళ్లు కట్టారు. ఈజిప్టు పిరమిడ్, రోము కొలోసియం, పెట్రా, చైనా గోడ, ఈస్టర్ ద్వీపపు రాతి ముఖాలు, బ్రెజిల్ క్రీస్తు విగ్రహం, వాటిమధ్య తాజమహలు. రుచి తెలిసినవారు ఈ నకళ్లను చూసి ముఖం చిట్లించవచ్చు. అయితే జీవితంలో పెట్రాకు వెళ్లే అవకాశం లేని ఒక అమ్మమ్మగారు దాని ముందు నిలబడి ఫొటో తీయించుకొంటే తప్పు పట్టడం సంస్కారం కాదు. పైగా వాటి ముందు నిలబడినవారు, ఇంటికి చేరిన తరువాత అసలు కట్టడాలను గురించి పుస్తకం తెరచిన సందర్భాలు లేకపోలేదు.

ఎకో పార్కుతో చిక్కు భయం కాదు, దూరం. 480 ఎకరాలు మోకాళ్ల నొప్పులవారికి చిన్న విషయం కాదు. దానికి ద్వారాలు అనేకం. తప్పు ద్వారం దగ్గర టాక్సీ దిగితే, చూడదలచిన తోట చెరువుకు ఆవలి ఒడ్డున కనబడుతుంది. కాబట్టి ముందు దేనిని చూడాలో నిర్ణయించుకొని, దానికి దగ్గరి ద్వారమేదో అడిగి తెలుసుకోవాలి. లోపల విద్యుత్ బండ్లు, చిన్న రైలు, పడవలు ఉన్నాయి. వాటిని వచ్చిన వెంటనే ఉపయోగించక, అలసట మొదలయ్యే సమయానికి దాచుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. సోమవారం సాధారణంగా సెలవు. ఈ సోమవారపు సెలవు కోల్‌కతాలో చాలా చోట్ల ఉన్నందున, బయటి ఊళ్ల నుండి వచ్చేవారు ఆ రోజును ప్రయాణానికో బంధువుల ఇళ్లకో కేటాయించుకోవడం మంచిది.

ఇక ఒక్క చోటు మాత్రమే చూడటానికి వ్యవధి ఉన్నవారు నిస్సంశయంగా శివపూర్ వృక్షోద్యానానికి వెళ్లాలి. హుగ్లీనదికి పడమటి ఒడ్డున, హౌరా వైపున ఉన్నది గనుక ఖరగ్‌పూర్ నుండి వచ్చేవారికి నది దాటే పని కూడా లేదు. సాంత్రాగాచీలో దిగితే సరిపోతుంది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారిగా ఉండిన రాబర్ట్ కిడ్ 1787లో ఈ వనాన్ని నెలకొల్పాడు. ఓడలకు టేకు, వ్యాపారానికి సుగంధద్రవ్యాలు కంపెనీ కోరిక. కిడ్ మనస్సులో 1770 నాటి బెంగాలు మహాక్షామపు జ్ఞాపకం కూడా ఉన్నది. కరువులో జనానికి తిండి కాగల చెట్లను పెంచాలని అతడు తన ప్రతిపాదనలో వ్రాశాడు. 2009 నుండి ఇది ఆచార్య జగదీశ్‌చంద్ర బోస్ పేరుతో వ్యవహరింపబడుతున్నది. విస్తీర్ణం 273 ఎకరాలు.

ఈ వనంతో తెలుగు నేలకు గల సంబంధం మనవారిలో చాలామందికి తెలియదు. కిడ్ తరువాత 1793లో దీని బాధ్యత స్వీకరించిన విలియం రాక్స్‌బరో అంతకు పూర్వం గోదావరి మండలంలోని సామర్లకోటలో సుమారు పన్నెండేళ్లు గడిపాడు. స్కాట్లండు నుండి వైద్యుడుగా వచ్చినవాడు, వృక్షశాస్త్రజ్ఞుడుగా మారినది అక్కడనే. మిరియాల తోట వేయించాడు, నీలిమందు సాగు చూశాడు, ఎండవానల లెక్కలు వ్రాసి ఉంచాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లను విని వ్రాసుకొన్నాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గురించి 1795 నుండి లండన్‌లో వెలువడిన అతని గ్రంథంలో 300 చిత్రఫలకాలున్నాయి. జ్వరానికి సింకోనా బెరడుకు బదులుగా పనికివస్తుందని అతడు పరిశీలించిన సోమిద చెట్టుకు వృక్షశాస్త్రంలో స్థిరపడిన ప్రజాతి నామం ‘సొయ్‌మిడా’. అది మన పల్లెవారి మాటే. సామర్లకోటలో మొదలైన ఆ చిత్రలేఖనం కలకత్తాలో కొనసాగి, రెండున్నరవేలకు మించిన బొమ్మల భాండాగారమైనది. అతడు కట్టించుకొన్న ఇల్లు నేటికీ ఆ వనంలో నదివైపున నిలిచి ఉన్నది. ‘తిరిగే చక్రం ఎక్కలేని’ ఒక పెద్దమనిషి, ఆ ఇంటి ఎదుట నిలబడి ఇంత కథ మనవలకు చెప్పగలిగితే, ఆ పూటకు సంచులు మరెవరైనా మోస్తారు.

అందరూ చూడబోయేది మర్రిచెట్టును. వనం కంటే వయస్సులో పెద్దదని, 250 ఏళ్లు దాటినదని చెబుతారు. 1864లో, 1867లో వచ్చిన తుఫానులకు అది దెబ్బతిన్నది. ఆ గాయాలలో బూజుతెగులు ప్రవేశించినది. తుదకు 1925లో మూలకాండాన్నే తొలగించవలసి వచ్చినది. మొదలు లేకుండా నూరేళ్లుగా ఆ చెట్టు బ్రతుకుతూ, పెరుగుతూ ఉన్నది! నేలకు దిగిన ఊడలు 3,600కు పైగా ఉన్నాయి. దాని చుట్టూ 330 మీటర్ల బాట వేస్తే, చెట్టు ఆ బాటను దాటి ఆవలికి నడచినది. 2020 మే నెలలో అంఫన్ తుఫాను వనమంతటినీ చీల్చిచెండాడినప్పుడు ఇది కూడా కొంత నష్టపోయినది, కాని నిలచినది. కదిరి ప్రాంతపు తిమ్మమ్మ మర్రిమానును, మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూసినవారికి ఇది పోల్చుకోవడానికి మంచి విషయం. తిమ్మమ్మ మర్రిమాను 1989లోనే గిన్నిస్ గ్రంథానికెక్కినది కదా, ఈ పోలికలో మనవారికి చిన్నతనం లేదు.

వృక్షోద్యానంలోని అసలు ఇబ్బంది కూడా దూరమే. ప్రధాన ద్వారం నుండి మర్రిచెట్టు చాలా నడక. లోపల వాహనం ఏదైనా దొరుకుతుందేమో ద్వారం దగ్గర అడగడం, త్రాగేనీరు వెంట తీసుకొనిపోవడం అవసరం. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు కాలం అనుకూలం. వేసవిలో అయితే ప్రొద్దుటిపూటే ముగించుకోవాలి. మార్చి నుండి మే వరకు సాయంకాలాలలో హఠాత్తుగా విరుచుకుపడే ‘కాల్‌బైశాఖి’ గాలివాన చెట్ల క్రింద నిలబడదగినది కాదు.

అలీపూర్ జంతుప్రదర్శనశాల (1876), విక్టోరియా స్మారకభవనపు తోట, ఈడెన్ తోటలో బర్మాలోని ప్రోము నుండి తెచ్చి నిలబెట్టిన పగోడా, దక్షిణాన 1920 దశకంలో త్రవ్విన రవీంద్ర సరోవరం, ఇవన్నీ ఒక్కొక్క పూటకు సరిపోయేవే. వీటిని గురించి మార్గదర్శక పుస్తకాలు కావలసినంత చెబుతాయి. అవి సామాన్యంగా చెప్పని విషయమొకటి ఉన్నది. కోల్‌కతాలో ఎక్కనివారు సైతం సంతోషంగా ఎక్కదగిన వాహనాలు ఉల్లాసవనాలకు వెలుపలనే ఉన్నాయి.

మొదటిది ట్రాము. 1902లో విద్యుత్తుతో నడవడం ప్రారంభించిన ఈ బండి ఎవరినీ బెదరించి ఎరుగదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఎస్ప్లనేడ్, మైదాన్‌ల మధ్య వారసత్వ చిహ్నంగా ఒక మార్గాన్ని ఉంచి, మిగిలినవాటిని నిలిపివేయాలన్న నిర్ణయం ప్రకటించినది. కనుక ట్రాము ఎక్కదలచినవారు ఆ ప్రయాణాన్ని వాయిదా వేయరాదు. రెండవది అదే సంవత్సరం మార్చిలో మొదలైన మెట్రో రైలు. హౌరా మైదాన్ నుండి ఎస్ప్లనేడ్ వరకు అది హుగ్లీనది అడుగున సొరంగంలో సాగుతుంది. నది క్రింద గడిచే కాలం నిమిషం కూడా ఉండదు. కుదుపు లేదు, కేక లేదు. అయినా తలమీద గంగ పారుతున్నదన్న ఊహ చాలు, కొందరికి ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మూడవది నదిమీది లాంచి. చవకైన టిక్కెట్టుతో రోజూ వేలమంది ఉద్యోగులు ఎక్కే రేవు పడవ అది. అక్కడ కన్ను, చెవి ఒకేమాట చెబుతాయి. తీరం స్థిరంగా కనబడుతూనే ఉంటుంది. పై తట్టున గాలి తగిలేచోట నిలబడితే వికారమన్నమాట ఉండదు. ఎక్కడం దిగడం మాత్రం జాగ్రత్తగా చేయాలి. ఆటుపోట్లను బట్టి రేవు వంతెన ఏటవాలు మారుతుంది. ముసలివారికి అప్పుడు ఒక చేయి ఆసరా కావాలి. తూర్పు ఒడ్డున ప్రిన్సెప్ ఘాట్ ఉన్నది. 1840లో మరణించిన జేమ్స్ ప్రిన్సెప్ స్మృతికి 1843లో కట్టిన తెల్లని స్తంభాల మండపం అది. టంకసాలలో ఉద్యోగి అయిన ఆ యువకుడే 1837లో అశోకుని బ్రాహ్మీలిపిని చదివి అర్థం చెప్పినవాడు. మన తెలుగు అక్షరాల పుట్టుక ఆ లిపి నుండే గనుక, అక్కడ కాసేపు ఆగడం తెలుగువారికి ఉచితం. అక్కడినుండి ఉత్తరంగా రెండు కిలోమీటర్ల దాకా నది ప్రక్కన నడకదారి వేశారు. దారి పొడుగునా కూర్చోవడానికి బల్లలున్నాయి. చీకటి పడే వేళకు వాటిమీద చోటు దొరకదు; సాయంత్రం ఐదు గంటలలోపే చేరుకోవాలి.